వెనక చక్రం

పదిహేడో ట్యాంకు మళ్లీ వంతెన దగ్గరే ఆగింది.
ఆగిందంటే పూర్తిగా ఆగలేదు.
ముక్కు కాస్త ఎడమకి, కాస్త కుడికి,
ఈగ వాలిన గేదె తలలా.
వెనకున్నవన్నీ వచ్చి దాని వీపుని గుద్దుకుంటున్నాయి.

ఋషికొండ మీద మూడో అంతస్తు, రాత్రి పదకొండున్నర.
ఇంత దగ్గర సముద్రం ఇక్కడికి వినపడదు,
ఏసీ హోరు తప్ప.
లోపాల పట్టికలో దీని అంకె నాలుగువందల పన్నెండు.
నాకు ముందు ఇద్దరు దీన్ని పట్టుకుని
వేరే కంపెనీలకి వెళ్లిపోయారు.

నేలంతా గళ్లు గీశాం. గడికో ఖరీదు:
తారురోడ్డుకి ఒకటి, ఇసుకకి మూడు, బురదకి తొమ్మిది.
ఇక్కణ్ణించి అక్కడికి అన్నిటికన్నా చవకైన గీతని
రెప్పపాటులో తీసిస్తుంది యంత్రం.
గీతలో తప్పు లేదు.
గీతకి వెడల్పు లేదు, అంతే.
నలభై టన్నుల ఇనుముని
దారప్పోగు మీద నడవమంటున్నాం.

క్యాబు నన్ను పాత గాజువాకలో దింపేసరికి ఒంటిగంట.
సందు మొదట్లో ఉక్కు చుట్టలు మోసే ట్రెయిలరు
అడ్డంగా, ఒక్కో జానెడే తిరుగుతోంది.
పైన మా కింద వాటా బొడ్డేటి ఎల్లాజీ,
అద్దంలోంచి మెడంతా బయటపెట్టి.
కిళ్లీకొట్టు రేకుకి, టైరుకి మధ్య
నా అరచెయ్యి కూడా పట్టదు.
రేకు కదల్లేదు.

ఎలాగని అడిగాను.
బీడీ ముట్టించుకుని చెప్పాడు:
"ఎడమకి తిరగాలంటే ముందు కుడికి పోవాలమ్మా.
ముందు చక్రం దారి సూస్తాది,
ఎనక చక్రం గోడ సూస్తాది.
తోలీవోడు ఎనక చక్రంలో కూకోవాల."

ఎదురుగా ఇంకో లారీ వస్తే?

"ఇద్దరూ మంచోళ్లయితే ఇద్దరూ ఎనక్కెల్తారు.
మల్లీ ఇద్దరూ ఒకేపాలి ముందుకొస్తారు.
తెల్లారిపోద్ది.
సరుకున్నోడు ఆగడు, కాళీ బండోడు ఆగుతాడు.
అదీ లెక్క. ఎవుడూ రాయనేదు."

నిద్రపట్టలేదు.
నేను రాసిన ట్యాంకులన్నీ మంచోళ్లే.

మర్నాడు మలుపుకి ఖరీదు కట్టాను.
గీతకి ఒళ్లు పోశాను, వంతెన గోడలకి కాస్త భయం పోశాను.
గుండ్లు నిండా ఉన్నది ముందు,
ఖాళీ అయింది పక్కకి.
అప్పుడు తెలిసింది, మా ట్యాంకులకి
వెనక్కి నడవడం ఎవరూ నేర్పలేదని.
యుద్ధం ఆట కదా,
ఆ రెండొందల పేజీల పత్రంలో
వెనక్కి అన్న మాటే లేదు.

నాలుగు రోజులు పట్టింది.
మొదటి రోజు అన్నీ వెనక్కే నడిచాయి,
ఆఫీసంతా నవ్వింది.
రెండోనాడు ఒకటి కాలవలో పడి
నీళ్లలోనే మర్యాదగా దారి ఇస్తూ కూర్చుంది.

శుక్రవారం సాయంత్రం
పదిహేడోది వంతెన ముందు నిదానించి,
కుడికి ఒరిగి,
ఎడమకి తిరిగి,
దాటింది.
వెనకే తక్కినవి, ఒకదాని దుమ్ములో ఒకటి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.
అవతల ఏమీ లేదు.
ఇవతలంతా ఆదివారాలు భీమిలి రోడ్డున పోయి
దిబ్బల ఎర్రమట్టిని, వాన కోసిన గళ్లని
చూసి చూసి వేశాడు మజ్జి తవిటినాయుడు,
ఒక్కో జీడి చెట్టుకి నీడతో సహా.
అవతల ఉత్త బూడిదరంగు నేల,
పేరు లేదు, గడ్డి లేదు.
"అక్కడిదాకా ఏదీ ఎప్పుడూ రాలేదు గదా,"
తవిటినాయుడు తల గోక్కున్నాడు.

ఆ బూడిదరంగు మీద ట్యాంకులు
ఏం చెయ్యాలో తెలీక వరసగా నిలబడ్డాయి.

నాలుగువందల పన్నెండు మూసేశాను.
"ఏం వెయ్యమంటావ్? ఊరా?" అడిగాడు,
కుంచె అప్పటికే ఇళ్ల మీద పెట్టి.

ఉండు, అన్నాను.
ముందు తిరగడానికి చోటు వెయ్యి.